చిత్రకథలో తోటకాపు

తెలుగున ‘కాచు’ అను క్రియకు రక్షించుట, ఫలించుట యను రెండర్థములు కలవు. తోటమాలి తోటను కాచును. తోటలోని చెట్టును కాచును. ఈ రెండును ఒక బాలుని కృషిలో కలిసిన కథ ఆంగ్లమున నున్నది. అమెరికా రచయిత పీటర్ బ్రౌన్ తానే చిత్రములు గీసి 2009లో ప్రకటించిన ‘ది క్యూరియస్ గార్డెన్’ అను బాలల గ్రంథమది.

తోటలు లేని యొక మసక నగరము. వాన కురిసిన దినమున లియమ్ అను బాలుడు, పాడుపడిన ఎత్తైన రైలుమార్గమునకు పోవు మెట్లను కనుగొనెను. పైన కొన్ని మొక్కలు వాడుచుండెను. లియమ్ తోటపని యెరుగడు. నీరెక్కువ పోసి మొక్కలను ముంచినంత పని చేసెను; కొమ్మలు కత్తిరించుటయు చేతకాలేదు. అతడు నేర్చుకొనువరకు మొక్కలే ఓపిక పట్టినవట! మంచె యెక్కి వడిసెల త్రిప్పు మన చేనికాపరి నేర్పు వేరు. ఇచ్చట తరుమవలసిన పిట్ట లేదు, పశువు లేదు. మంచు తోటను కప్పినపుడు సయితము బాలుడు దిగులుపడక వసంతమునకు సన్నాహము చేసికొనెను. గ్రంథమున నీ శీతకాలపు పుటలే మిన్నయని నా తలంపు. వసంతమున తోట పట్టాల వెంబడి నగరములోనికి ప్రాకజొచ్చెను.

ఈ మార్గము కేవల కల్పితము కాదు. న్యూయార్కునందు మన్‌హాటన్ పడమటి భాగమున సరకుబండ్లకై 1934లో ఏర్పడిన ‘హై లైన్’ మీద 1980లో చివరి బండి నడచినది. పిమ్మట మొక్కలు తమంత తామే మొలచినవి. దానిని పడగొట్టనీయకుండుటకు 1999లో ఒక సంఘమేర్పడెను. 2009లో మొదటి భాగము ఉద్యానముగా తెరవబడెను. అర్జీలు, న్యాయస్థానములు గల యింత చరిత్రను ఒక బాలుని నీళ్లడబ్బాకు కుదించుట సత్యమును తేలికపరచుట కాదా యని నాకు మొదట తోచినది. కాని తుదిభాగమున లియమ్ ఒంటరి కాడు. క్రొత్త తోటమాలులు మొలకలవలెనే నగరమంతట పుట్టుకొనివచ్చిరి.

మాటలే లేని పుటలు ఇందు పెక్కు గలవు. తొలుత మసకబారిన నగరము తుదకు పచ్చనై కనుపట్టును. ఆ మార్పును చిత్రమే చెప్పును. అనువాదకుడు అచ్చట వాక్యములు చేర్చినచో గ్రంథము చెడును. అతనికి అసలు చిక్కు శీర్షికలోనే కలదు. ‘క్యూరియస్’ అన వింతయైనది, తెలిసికొనగోరునది. ‘వింతతోట’ యన్నచో ఊరెల్ల చూడబోయిన తోట ఉబలాటము జారిపోవును. ‘కుతూహలపు తోట’ యన్నచో పిల్లల నోట పలుకదు. నేనైనచో పేరున వింతను విడిచి, ‘ఊరు చూడబోయిన తోట’ యందును. లోపల మాత్రము ‘కాచు’ అను మాటను విడువను.