థీసిస్‌కి నెల్లాళ్లు చాలంటారేటి? అక్టోబరు లెక్క కట్టేరా మరి?

డిగ్రీ నాలుగో ఏడు చదువుతున్న ఏ కుర్రోడినైనా, ఏ ఆడపిల్లనైనా కదిపి చూడండి, థీసిస్ ఎప్పుడు ఇచ్చేస్తావని. "ఇంకేటుంది, నెల్లాళ్లలో ఐపోద్ది" అంటారు. నెల పోయాక మళ్లీ అడగండి. మళ్లీ నెల్లాళ్లే. పెద్దోళ్లు దీన్ని బద్ధకం అనీస్తారు. బద్ధకం కాదు. సైకాలజీ వాళ్లు దీన్ని కొలిచి మరీ చూసేరు. ఎవరి మీద కొలిచేరో తెలుసా? సైకాలజీలో ఆనర్స్ థీసిస్ రాస్తున్న పిల్లల మీదే.

1994లో అచ్చయిన పరిశోధన అది. రోజర్ బ్యూలర్, డేల్ గ్రిఫిన్, మైఖేల్ రాస్ అనే ముగ్గురు కెనడాలో 37 మంది ఆనర్స్ విద్యార్థుల్ని అడిగేరు. థీసిస్ ఎన్నాళ్లలో ఇస్తావు? అంతా కలిసొస్తే ఎన్నాళ్లు? అన్నీ అడ్డం తిరిగితే ఎన్నాళ్లు? సగటు తీస్తే జవాబులు ఇలగొచ్చేయి: మామూలుగా 34 రోజులు, కలిసొస్తే 27, అడ్డం తిరిగితే 49. నిజంగా పట్టినవి 55 రోజుల పైచిలుకు. చెప్పిన గడువులో ఇచ్చినోళ్లు పదిమందిలో ముగ్గురే. ఇంకో విడ్డూరం, అన్నీ అడ్డం తిరిగితే అని ఎవరికి వాళ్లు వేసుకున్న గడువుని కూడా సగం మందికి పైగా దాటిపోయేరు. ఎంత చెడ్డా ఇంతకు మించదు అనుకున్నదానికంటే నిజం ఇంకా ముందుకి పోయిందన్నమాట.

ఈ జబ్బుకి ప్లానింగ్ ఫాలసీ అని పేరు. డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వర్‌స్కీ 1979లోనే ఆ పేరు పెట్టేరు. పేరు పెట్టిన కానెమనే అందులో పడ్డాడు, ఆ సంగతి తన పుస్తకంలో తనే రాసుకున్నాడు. ఇజ్రాయెల్‌లో హైస్కూలు పిల్లలకి ఒక పాఠ్యపుస్తకం రాయడానికి కొందరు కూకున్నారు. ఎన్నాళ్లు పడద్దని అడిగితే అందరూ రెండేళ్లకి అటూ ఇటూగా చెప్పేరు. వాళ్లలో ఒకాయనకి ఇలాటి పనులు చేసిన వేరే జట్ల సంగతి బాగా తెలుసు. వాళ్లకి ఎన్నాళ్లు పట్టిందని ఆయన్ని విడిగా అడిగితే, పదింట నాలుగు జట్లు పని పూర్తే చెయ్యలేదని, చేసినోళ్లకి ఏడు నుంచి పదేళ్లు పట్టిందని చెప్పేడు. ఆయనా అంతకు ముందు రెండేళ్లే అన్నాడు! ఆఖరికి ఆ పుస్తకానికి ఎనిమిదేళ్లు పట్టింది.

ఎందుకిలగ అవుద్ది? మన పని గురించి మనం ఆలోచించినప్పుడు లోపలి నుంచి చూస్తాం. ఈవారం ప్రశ్నలు రాసీస్తాను, పైవారం ఊళ్లోకెళ్లి అడిగీస్తాను, ఆ పైవారం లెక్కలు కట్టీస్తాను. ఈ కథలో ఎక్కడా జ్వరం ఉండదు, పెళ్లి ఉండదు, బస్సు తప్పిపోదు. పోయినేడు రికార్డు రాయడానికి ఎన్నాళ్లు పట్టిందో గుర్తుండదు. గుర్తున్నా "అప్పుడు వేరు, ఇప్పుడు వేరు" అనుకుంటాం. బయటోళ్లు అలగ కాదు. వాళ్లు మన ప్లాను చూడరు, మన చరిత్ర చూస్తారు. అదే బ్యూలర్ జట్టు ఇంకో మాట కూడా తేల్చింది: ఎదుటోడి పనికి ఎన్నాళ్లు పడద్దో చెప్పమంటే మనుషులు అంత ధీమాగా చెప్పరు. కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ థీసిస్ ఎప్పటికవుద్దో మీరు చెప్పకండి. మీ అమ్మని అడగండి. ఎమ్మే ప్రాజెక్టు రాసిన మీ సీనియర్‌ని, ప్లాను ఎన్నాళ్లని కాదు, నిజంగా ఎన్నాళ్లు పట్టిందని అడగండి.

ఇంతకీ ఈ థీసిస్ ఎవరికి? కొత్త చదువు పద్ధతిలో యూజీసీ 2022 డిసెంబరులో ఒక చట్రం ఇచ్చింది. మూడేళ్లకి 120 క్రెడిట్లతో డిగ్రీ, నాలుగేళ్లకి 160తో ఆనర్స్. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన వచ్చినోళ్లు కోరుకుంటే నాలుగో ఏడు 12 క్రెడిట్ల పరిశోధన చేసి 'ఆనర్స్ విత్ రీసెర్చ్' తీసుకోవచ్చు. పరిశోధన వద్దనుకున్నోళ్లు ఆ 12 క్రెడిట్లకీ కోర్సులు చదువుకుంటారు, వాళ్లదీ ఆనర్సే. నాలుగేళ్ల డిగ్రీ 75 శాతంతో ముగిస్తే పీజీ లేకుండానే పీహెచ్‌డీకి అర్హత ఉన్నాది. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, ఈడబ్ల్యూఎస్, దివ్యాంగులకి అందులో 5 శాతం సడలింపు. అందరూ థీసిస్ ఎంచుకోవాలని నేననను. నాలుగో ఏడు అంటే ఇంట్లో ఇంకో ఏడు ఎదురుచూపు. జీడిపిక్కలు కొట్టే అమ్మ కూలితో చదివే పిల్లకి ఆ ఏడు ఊరికే రాదు. "ఇంకా ఎన్నాళ్లు చదువుతాది, సంబంధాలు చూడండి" అనే చుట్టాలు ఎలాగూ ఉంటారు. మొదలెట్టి సగంలో ఒగ్గీస్తే ఆ మాటకి మనమే బలం ఇచ్చినట్టవుద్ది. అందుకే తారీఖుల లెక్క మనకి ముఖ్యం.

మన లెక్క కెనడా లెక్క కాదు. ఫైలిన్ తుపాను ఎప్పుడొచ్చింది? 2013 అక్టోబరు 12. హుద్‌హుద్? 2014 అక్టోబరు 12. తిత్లీ మన పలాస దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబరు 11. ఆరేళ్లలో మూడు పెద్ద తుపాన్లు, మూడూ రెండు తారీఖుల్లోనే. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు వేళ్లతో లేచిపోయేయి, ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. ఏటేటా తుపాను రాదు, నిజమే. కానీ అక్టోబరు రెండు, మూడు వారాల్లో వజ్రపుకొత్తూరు, మందస ఊళ్లు తిరిగి సర్వే చేస్తానని ప్లాను రాసుకున్నోడు చరిత్ర చూడనట్టే. ఆ రోజుల్ని ఇంట్లో కూకుని చదివే పనికి పెట్టుకోండి, గాలీ వానా వచ్చినా రాకపోయినా నష్టం లేదు.

మిగతా నెలలూ అంతే. సంక్రాంతికి అందరూ సెలవు రాసుకుంటారు. కానీ మీ ప్రశ్న వలసెళ్లిన కుర్రోళ్ల గురించైతే హైదరాబాదు, చెన్నై నుంచి వాళ్లు ఊళ్లో దొరికేది ఆ వారమే, మీకు అది పనివారం. మార్చి నుంచి జీడితోటల్లో పిక్కలు ఏరే కాలం, తోటకెళ్లినోళ్లు పొద్దున దొరకరు. పలాస జీడి పరిశ్రమల్లో పిక్కలు కొట్టే ఆడోళ్లని పని వేళలో అడిగితే వాళ్ల కూలి పోద్ది, షావుకారు ఎదర నిజం చెప్పనూ చెప్పరు. సాయంత్రం ఇంటికాడే అడగాలి. అంటే రోజుకి పదిమంది కాదు, ఇద్దరో ముగ్గురో. అరవై మందికి ఎన్ని సాయంత్రాలో ఇప్పుడు భాగించుకోండి. గైడ్ ఎచ్చెర్ల యూనివర్సిటీలోనో, విశాఖలోనో ఉంటే ఒక్క సంతకానికి ఒక రోజు పోయినట్టే, అదీ కలపండి.

టాపిక్ దగ్గరకొద్దాం. ఉద్దానం పిల్లలు సైకాలజీ అనగానే ముందు తలుచుకునేది కిడ్నీ జబ్బే. తలుచుకోవాలి కూడా. మన ఇళ్లలో ఉన్నది మనం అడగకపోతే ఎవరడుగుతారు? కానీ రెండు సంగతులు చూసుకోండి. మొదటిది, ఈ ఊళ్లు సర్వేలతో విసిగిపోయేయి. ఎన్నో ఏళ్లుగా నెత్తురూ, మూత్రం, నీళ్లూ పట్టుకెళ్లినోళ్లు పట్టుకెళ్తూనే ఉన్నారు. "మళ్లీ ఏటి బాబూ, ఈసారి ఏటి తీసుకెళ్తావు?" అని ముసలాయన అడిగితే మీ దగ్గర జవాబు ఉండాలి. రెండోది, కొలత సంగతి. కుంగుబాటు కొలవడానికి ఎక్కువమంది పీహెచ్‌క్యూ-9 వాడతారు. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు, మొత్తం 27. అందులో నిద్ర, నీరసం, ఆకలి గురించి ప్రశ్నలున్నాయి. కిడ్నీ దెబ్బతిన్న మనిషికి నిద్ర పట్టదు, నీరసం ఉంటాది, అన్నం సయించదు. జబ్బు వల్లే మార్కులు పెరిగిపోతాయి. ఆ అంకెలు చూసి "ఊరంతా డిప్రెషన్" అని రాసీస్తే అది పరిశోధన కాదు, అపవాదు. ఉద్దానం ఊరంటే సంబంధం కలుపుకోడానికి వెనకాడినోళ్లని మనం చూసేం. థీసిస్‌లో ఊరి పేరు వెయ్యాలా వద్దా అన్నది కూడా అందుకే చిన్న విషయం కాదు.

నా మాటైతే, రోగుల్ని ఒగ్గీసి పక్కనున్నోళ్లని చూడండి. డయాలసిస్‌కి భర్తని తీసుకెళ్లి గంటల తరబడి బయట కూకునే ఆవిడ నిద్ర ఎలగుంది? అన్న జబ్బు పడ్డాక చదువు మానీసిన తమ్ముడు తన రేపటి గురించి ఏటి అనుకుంటున్నాడు? చిన్న ప్రశ్న, పదిహేను ఇరవై మందితో నిదానంగా మాటాడి రాసుకోగలిగింది. అంకెల థీసిసే గొప్ప, మాటల థీసిస్ తక్కువ అనే భ్రమ మన కాలేజీల్లో ఉన్నాది. దాన్ని పట్టించుకోకండి.

ఇక భాష. ఇది మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు. పుస్తకాల తెలుగులో "మీరు గత రెండు వారాలలో విచారగ్రస్తులయ్యారా" అని అడిగితే మా ఊరి అప్పలు మొహం చూస్తారు. "మనసు బాలేదా, బెంగగా ఉంటందా" అంటే చెప్తారు. "సగం రోజుల కంటే ఎక్కువ" అంటే తడబడతారు, "పోయిన సంతకి ముందు సంత నుంచి" అంటే లెక్క అందుద్ది. కానీ ఒక కొలతలో మాటల్ని మన ఇష్టానికి మార్చీయకూడదు. మారిస్తే అది వేరే కొలత అయిపోద్ది. దీనికి బ్రిస్లిన్ అనే ఆయన 1970లో చెప్పిన దారి ఇప్పటికీ వాడతారు: ఒకరు తెలుగు చేస్తారు, అసలు ప్రశ్నలు చూడని ఇంకొకరు దాన్ని మళ్లీ ఇంగ్లీషు చేస్తారు, రెండిటినీ పక్కపక్కన పెట్టి ఎక్కడ తేడా వచ్చిందో చూస్తారు. ఆపైన పదిమందిని అడిగి చూసుకోవాలి. ఇచ్ఛాపురం, కవిటి వైపు ఒడియా మాటాడే ఇళ్లున్నాయి, మందస కొండల్లో సవరలున్నారు, వాళ్ల సంగతి ముందే తేల్చుకోవాలి. ఇది మనకి కొత్తా? గిడుగు రామమూర్తి పంతులు మన శ్రీకాకుళం గడ్డ మీద పుట్టినోడే. పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ సవరల భాష వాళ్ల దగ్గరే నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాసేడు. నిఘంటువు అచ్చయింది 1938లో. మనిషి మాటని మనిషి దగ్గరే వినాలన్నది ఆ పద్ధతి, ప్రశ్నావళికీ అంతే.

అనుమతుల గురించి మన పిల్లలు ఆఖర్న ఆలోచిస్తారు. అది మొదటి పని. ఐసీఎంఆర్ 2017 నియమాలు చూడండి: మనుషుల మీద చేసే ఆరోగ్య పరిశోధనకి ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి. 18 ఏళ్ల లోపోళ్లని అడగాలంటే అమ్మానాన్నల అనుమతి కావాలి, ఆ పిల్లల ఇష్టమూ అడగాలి. కమిటీ కూకోడానికే వారాలు పట్టొచ్చు, కాబట్టి టాపిక్ తేలిన వారంలోనే కాగితం పెట్టీయండి. సంతకం పెట్టించుకోవడమే ఒప్పుకోలు కాదు. "ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదమ్మా, మధ్యలో లేచెల్లిపోయినా ఏటీ అనుకోను" అని నోటితో చెప్పాలి.

పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి "ఔను" అని ఎవరైనా అంటే మీరేటి చేస్తారు? అంకె వేసుకుని పదో మనిషి దగ్గరకి పోతారా? ఆ జవాబు వచ్చినప్పుడు ఎవరికి చెప్పాలో, ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలో గైడ్‌తో ముందే రాసుకోవాలి. టెలీ మానస్ 14416కి ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చు, 2022 అక్టోబరు నుంచి నడుస్తున్నాది, ఆ నంబరు కాగితం మీద రాసి ప్రతి మనిషి చేతిలో పెట్టండి. ఈ ఏర్పాటు లేకపోతే ఆ ప్రశ్న అడగొద్దు, ఇంకో కొలత ఎంచుకోండి.

స్టాటిస్టిక్స్ అంటే భయపడతారు గానీ అది చిన్న పని. జమోవి, జాస్ప్ అనే సాఫ్ట్‌వేర్లు ఉచితం, మామూలు ల్యాప్‌టాప్ మీద నడుస్తాయి. అనుకున్న తేడా రాకపోతే రాలేదని రాయండి. రాని తేడాని తెప్పించడం తప్పు, రాలేదని రాయడం తప్పు కాదు. ఫోన్ చూసే గంటలూ బెంగా కలిసి పెరిగితే ఫోన్ వల్లే బెంగ అని తేల్చీయకండి, బెంగతోనే ఫోన్ పట్టుకున్నాడేమో.

రాయడం దగ్గర అందరూ ఆగిపోతారు. దీనికి ఒక పనికొచ్చే కిటుకు ఉన్నాది. గోల్‌విట్జర్, బ్రాండ్‌స్టాటర్ 1997లో జర్మనీ విద్యార్థుల మీద చూసేరు. క్రిస్మస్ సెలవుల్లో ఒక చిన్న నివేదిక రాయమని అందరికీ చెప్పి, కొందరి చేత మాత్రం ఎప్పుడు, ఎక్కడ కూకుని రాస్తారో ముందే రాయించేరు. అలగ రాసినోళ్లలో మూడింట రెండొంతుల మంది పని చేసేరు, రాయనోళ్లలో మూడో వంతే. కాబట్టి "ఈవారం రెండో అధ్యాయం" అని కాదు, "మంగళవారం పొద్దున ఆరింటికి, టెక్కలి లైబ్రరీ కాదు, మా డాబా మీద, కొలతల గురించి ఒక పేజీ" అని రాసుకోండి. మీ ఇంట్లో డాబా మీద సిగ్నల్ లేకపోతే ఇంకా మంచిది.

బైండింగ్ అయ్యాక కాలేజీకి ఇచ్చే కాపీలతో పాటు ఒక రెండు పేజీలు మన మాటలో రాయండి. ఏటి అడిగేరు, ఏటి తెలిసింది, ఏటి తెలీలేదు. మీకు జవాబు చెప్పిన వీధికెళ్లి, గుడి అరుగు మీదో రచ్చబండ మీదో కూకుని చదివి వినిపించండి. "ఈసారి ఏటి తీసుకెళ్తావు" అన్న ముసలాయన అక్కడే ఉంటాడు. ఆ సాయంత్రానికి కూడా ప్లానులో ఒక రోజు రాసుకోండి, రెండు రోజులు పడద్ది.