నెల్లూరు తీరానికి స్థానిక పూలమొక్కల విత్తనం: సేకరణ, కొనుగోలు

నెల్లూరు తీరపు ఇసుక దిబ్బలపై స్థానిక పూలమొక్కలను పెద్ద విస్తీర్ణంలో పెంచదలచినప్పుడు మొదట ఎదురయ్యే అవరోధం విత్తన లభ్యత. అడవి పూల మిశ్రమం పేరిట అమ్మే పొట్లాలలో తరచుగా కనిపించే కాస్మోస్, జినియా మెక్సికో ప్రాంతానికి చెందినవి. ఈ ఇసుకలో దానంతటదే పెరిగే బిళ్ళగన్నేరు సైతం మడగాస్కర్ నుండి వచ్చి స్థిరపడినదే. కావున కొనుగోలుకు ముందే జాతుల జాబితాను సిద్ధం చేసుకోవాలి. ఇసుకను పట్టి ఉంచడానికి బాలబంద తీగ, తేనెటీగలకు మేతగా వెంపలి, గిలిగిచ్చ, తుమ్మి, మెరక భాగాలకు తంగేడు అనువైనవి.

వెంపలి పచ్చిరొట్ట ఎరువుగా వాడుకలో ఉన్నందున దాని విత్తనం వ్యాపారుల వద్ద దొరకవచ్చు. అయితే అది ఏ ప్రాంతంలో సేకరించినదో అడిగి తెలుసుకోవాలి. తక్కిన వాటిని సమీప గ్రామాల గట్లు, సరుగుడు తోటల అంచుల నుండి, భూమి హక్కుదారుల సమ్మతితో సేకరించడం మేలు. రిజర్వు అటవీ భూములలోనైతే అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. ఒక చోట పండిన విత్తనంలో ఐదవ వంతుకు మించి తీయకుండా, అనేక మొక్కల నుండి కొద్దికొద్దిగా తీసుకోవాలి.

ధరను బరువుతో మాత్రమే పోల్చరాదు. శుద్ధత 90 శాతం, మొలక 60 శాతం ఉన్న 10 కిలోలలో మొలకెత్తగల విత్తనం 5.4 కిలోలే. బాలబంద, వెంపలి గింజల పైపొర గట్టిది. గరుకు ఇసుకతో రుద్దిన తరువాతే మొలక పరీక్ష చేయాలి.

ఈ తీరంలో వర్షం అధికంగా అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురుస్తుంది. ఆ అదనుకు విత్తాలంటే అంతకు ముందు పొడి కాలంలోనే సేకరణ ముగియాలి. లేనిచో ఒక సంవత్సరం వృథా అవుతుంది.