ఆ ఒక్క పరుగు!

2019 మే 12, ఆదివారం రాత్రి. ఐపీఎల్‌ ఫైనల్‌. చివరి బంతికి రెండు పరుగులు కావాలి. మలింగ వేసిన స్లో యార్కర్‌ శార్దూల్‌ ఠాకూర్‌ ప్యాడ్‌కు తగిలింది... ముంబయి 149, చెన్నై 148!

తిరుపతి, చిత్తూరు అభిమానులకు చెన్నై పొరుగింటి జట్టే. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి చేపాక్‌. అసలు ఆ ఫైనల్‌ అక్కడే జరగాలి. మూడు స్టాండ్లు తెరిచేందుకు అనుమతి రాక హైదరాబాద్‌కు తరలిపోయింది. 'చేపాక్‌లో ఆడుంటేనా...' అన్నది ఒక దిగులు. ధోనీ రనౌట్‌ మరొకటి. బ్యాటు గీత దాటిందా, లేదా? టీవీ అంపైర్‌ మళ్లీమళ్లీ చూసి ఔటన్నాడు. టీకొట్ల దగ్గర మాత్రం ఆ కేసు ఇంకా పెండింగే!

ఆఖరి ఓవర్‌ నాలుగో బంతికి రనౌటయ్యాడని వాట్సన్‌ను విసుక్కున్నవాళ్లూ ఉన్నారు. మోకాలి నుంచి నెత్తురు కారుతుండగానే అతను 80 పరుగులు చేశాడనీ, ఆట ముగిశాక ఆరు కుట్లు పడ్డాయనీ తర్వాత తెలిసింది.