బాకీ వసూలు చేసిన తల్లి

‘పియెటా’ సినిమాలో అప్పిచ్చేవాడి లెక్క చాలా తేలిక. నెల తిరిగేసరికి అసలుకు పదింతలు కట్టాలి. కట్టలేరని ఇచ్చేవాడికి తెలుసు, పుచ్చుకునేవాడికీ లోలోపల తెలుసు. అందుకే అప్పు కాగితంతో పాటు ఇన్సూరెన్స్ కాగితం మీద కూడా ముందే సంతకం పెట్టించుకుంటారు. గడువు దాటాక గాంగ్-డో అనే మనిషి వర్క్‌షాపుకి వస్తాడు. అప్పు తీసుకున్నవాడి చేతిని, అతను రోజూ పనిచేసుకునే మెషీన్‌లోనే పెట్టి నలిపేస్తాడు. అవిటితనానికి వచ్చే పరిహారం అప్పు కింద జమ అవుతుంది. ఒకణ్ణి పాడుబడ్డ భవనం మీదినుంచి తోసేటప్పుడు కూడా ఎత్తు చూసుకునే తోస్తాడు. మనిషి చస్తే వ్యవహారం చిక్కుపడుతుంది, కాలు విరిగితే సరిపోతుంది. కిమ్ కి-డుక్ తీసిన ఈ పద్దెనిమిదో సినిమాకు 2012 సెప్టెంబరులో వెనిస్ చిత్రోత్సవం గోల్డెన్ లయన్ ఇచ్చింది. కాన్, బెర్లిన్, వెనిస్ ఉత్సవాల్లో అగ్ర బహుమతి గెలిచిన మొదటి కొరియా సినిమా ఇదే. దీన్ని పగ కథ అన్నవాళ్లున్నారు, పాపం కడుక్కునే కథ అన్నవాళ్లూ ఉన్నారు. నాకు మాత్రం ఇది మొదటినుంచి చివరిదాకా వసూళ్ల కథగానే కనిపిస్తుంది. పశ్చాత్తాపాన్ని కూడా ఇందులో ఒక మనిషిలో పనిగట్టుకుని పుట్టించి, పెంచి, గడువు చూసి వసూలు చేస్తారు. ఆ సంగతి చెప్పాలంటే ముగింపు దాచడం కుదరదు కాబట్టి, సినిమా చూసే ఉద్దేశం ఉన్నవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

కథ జరిగే చోటు దర్శకుడు ఊహించి కట్టిన సెట్టు కాదు. సియోల్ నడిబొడ్డున చొంగ్గెచన్ అనే వాగు ఉంది. కొరియా యుద్ధం తర్వాత దాన్ని కప్పేసి రోడ్డు వేశారు, దాని మీద ఫ్లైఓవర్ కట్టారు. దాని పక్క సందుల్లో ఇనుప పనుల చిన్న చిన్న షాపులు వందల కొద్దీ పుట్టుకొచ్చాయి. ఒకడు లేత్ తిప్పుతాడు, ఇంకొకడు రంధ్రాలు వేస్తాడు, మూడోవాడు అతుకుతాడు. ఈ సందుల్లో ఓ చుట్టు తిరిగితే యుద్ధ ట్యాంకునైనా తయారు చేయించుకు రావచ్చని సియోల్‌లో ఒక మాట ఉండేది. 2003లో నగరపాలకులు ఫ్లైఓవర్ని పడగొట్టడం మొదలుపెట్టారు, 2005లో వాగు మళ్లీ బయటికొచ్చింది. దాదాపు ఆరు కిలోమీటర్ల పొడవునా జనం షికారు చేసే నీటి ఒడ్డు తయారైంది, నేల ధర పెరిగింది, పాత షాపుల మీద కూల్చివేత కత్తి వేలాడసాగింది. 1960లో పుట్టిన కిమ్ కి-డుక్ కుర్రతనంలో ఈ చొంగ్గెచన్ ఫ్యాక్టరీల్లోనే పనిచేశాడు. అందుకే సినిమాలో మెషీన్లు ఎక్కడో వెనక నిలబెట్టిన సామానులా ఉండవు. చమురు మరకలు, ఇరుకు మెట్లు, షాపు వెనకాలే కాపురం, మెషీన్ పక్కనే అన్నం గిన్నె, అన్నీ తెలిసినవాడి కంటితో కనిపిస్తాయి.

పదింతల వడ్డీ అనేది సినిమా అతిశయం అనుకోవచ్చు. అతిశయం కొంత ఉంది. కానీ దాని వెనక చరిత్ర ఉంది. 1997 చివర్లో కొరియా దివాలా అంచుకు వెళ్లి ఐఎమ్‌ఎఫ్ దగ్గర చెయ్యి చాపింది. ఆ తర్వాత కొద్ది వారాలకే, 1998 జనవరిలో, వడ్డీకి హద్దు పెట్టే పాత చట్టాన్ని రద్దు చేశారు. నాలుగేళ్లకు పైగా హద్దే లేదు. 2002లో వడ్డీ వ్యాపారులకు కొత్త చట్టం తెచ్చినప్పుడు కూడా పైహద్దు ఏడాదికి 66 శాతం. అది మెల్లమెల్లగా దిగుతూ, ఈ సినిమా వచ్చేనాటికి 39 దగ్గర ఉంది. అంటే గాంగ్-డో యజమాని అడిగే వడ్డీ అప్పటికే చట్టవిరుద్ధం, కోర్టుకెళితే నిలవదు. కానీ ఇన్సూరెన్స్ పాలసీ మాత్రం నిఖార్సైన కాగితం. చట్టం ఒప్పుకోని బాకీని చట్టం ఒప్పుకునే పరిహారంగా మార్చే యంత్రం ఒకటి కావాలి. ఆ యంత్రమే కార్మికుడి చెయ్యి. హింస ఇంత దారుణంగా ఉన్నా ఈ సినిమా నమ్మదగ్గదిగా అనిపించడానికి కారణం ఈ కిటుకేనని నా అభిప్రాయం. గాంగ్-డోకి ఎవరిమీదా కోపం లేదు. అతను గుమాస్తా పని చేస్తున్నాడు, కాకపోతే అతని లెక్కల పుస్తకంలో ఎముకలుంటాయి.

ఈ పనికి అతనొక్కడే ఎందుకు తగినవాడయ్యాడో కూడా చూడాలి. అప్పు తీసుకున్నవాళ్లందరికీ ఎవరో ఒకరుంటారు. భార్య ఉంటుంది, ముసలి తల్లి ఉంటుంది. ఒక కుర్రాడికి బిడ్డ పుట్టబోతోంది. గిటారు వాయించే ఆ కుర్రాడు, బిడ్డ కోసం ఇంకొంచెం డబ్బు వస్తుందంటే రెండు చేతులూ తీసుకోమంటాడు. అసలైన పూచీకత్తు ఇంట్లోవాళ్లేనన్నమాట. మనిషి తనకోసం పారిపోగలడు, వాళ్లను వదిలి పారిపోలేడు. ఈ సూత్రం తెలుగువాళ్లకు కొత్త కాదు. 2010లో మైక్రోఫైనాన్స్ గోలలో వసూళ్ల కోసం అప్పు గ్రూపుల్లోని ఆడవాళ్లనే ఒకరిమీదికి ఒకరిని ఉసిగొల్పారు, 2020లో లోన్ యాప్‌లవాళ్లు ఫోన్‌లో ఉన్న బంధువుల నంబర్లనే తాకట్టుగా వాడుకున్నారు. గాంగ్-డోకి అలాంటి తాకట్టు లేదు. పుట్టగానే వదిలేసిన బిడ్డ, ముప్పయ్యేళ్లుగా నా అన్నవాళ్లు లేనివాడు. పోగొట్టుకునేది ఏమీ లేనివాణ్ణి ఎవరూ బెదిరించలేరు, వాడికి ఎవరిమీదా జాలి కలగదు.

అలాంటివాడి గుమ్మంలోకి మి-సన్ అనే ఆవిడ వచ్చి, నిన్ను వదిలేసిన అమ్మను నేనే, క్షమించు అంటుంది. అతను తిడతాడు, కొడతాడు, తలుపేస్తాడు. ఆవిడ పోదు. ఇంట్లోకి దూరి గిన్నెలు తోముతుంది, వీధిలో వెంటపడుతుంది, బతికున్న ఈల్ చేపకు తన ఫోన్ నంబరు కట్టి గుమ్మంలో వదిలిపోతుంది. నిజంగా తల్లివైతే ఇది తిను అని అతను తన ఒంటి మాంసం కోసి పెడతాడు, ఆవిడ మింగుతుంది. అంతకన్నా హీనమైన అత్యాచారమూ చేస్తాడు. చివరికి నమ్ముతాడు. నమ్మాక ముప్పయ్యేళ్ల మనిషి పసివాడైపోతాడు. బజారులో అమ్మ పక్కన నడుస్తాడు, ఆవిడ కనబడకపోతే గాభరా పడతాడు. గిటారు కుర్రాడి చేతులు నలపడానికి అతనికి మనసు రానిది ఈ దశలోనే. ఇక్కడిదాకా ఇది ప్రేమకు కరిగిన కర్కోటకుడి కథే, ఇక్కడే అయిపోతే మామూలు సినిమా అయ్యేది. కానీ ఆవిడ అతని తల్లి కాదు. సినిమా మొదట్లో చక్రాల కుర్చీలో కూర్చుని, బరువులెత్తే గొలుసు కొక్కేనికి ఉరేసుకున్న సాంగ్-గు అనే అబ్బాయి తల్లి. ఆవిడ ఖాళీ దొరికినప్పుడల్లా అల్లుతున్న స్వెట్టర్ గాంగ్-డో కొలతలకు అల్లుతున్నది కాదు.

మి-సన్ చేసినది అచ్చంగా అప్పివ్వడమే. ఏమీ లేనివాడికి ఒక అమ్మను ఇచ్చింది, అతను అలవాటు పడేదాకా ఓపిక పట్టింది, తర్వాత తిరిగి లాక్కుంది. తనను ఎవరో ఎత్తుకెళ్లినట్టు నటిస్తే, గాంగ్-డో తాను అవిటివాళ్లను చేసినవాళ్ల ఇళ్లన్నీ వెతుక్కుంటూ తిరుగుతాడు. వాళ్లు ఎలా బతుకుతున్నారో అప్పుడే మొదటిసారి చూస్తాడు. అంతకుముందు అదే మనుషుల్ని చూశాడు, కానీ తన ఇంట్లోవాళ్లకేమవుతుందోనన్న భయంతో చూడలేదు. ఆవిడ లెక్క తప్పింది ఇంకోచోట. పాడుబడ్డ భవనం పైన నిలబడి అతని కళ్లముందు దూకబోతూ, గాంగ్-డో కూడా జాలిపడాల్సినవాడేనని ఏడుస్తుంది, కొడుకుకు క్షమాపణ చెప్పుకుంటుంది. తల్లిగా నటిస్తూ నటిస్తూ కొంత తల్లైపోయింది. కడుపుకోత, జాలి ఒకే ముఖంలో ఒకదాన్నొకటి నెట్టుకోవడం మి-సన్‌గా జో మిన్-సు నటనలో చూడాలి. గాంగ్-డోగా లీ జంగ్-జిన్ మొరటుతనం బాగానే ఉన్నా, సినిమాను మోసింది ఆవిడే. మైకెలాంజిలో చెక్కిన ‘పియెటా’ శిల్పంలో మేరీ ఒడిలో ఉన్నది సొంత కొడుకు శవం. ఆ భంగిమను అనుకరించిన ఈ సినిమా పోస్టరులో ఆవిడ ఒడిలో ఉన్నది కొడుకు చావుకు కారణమైనవాడు.

ఇంత హింస అవసరమా అన్న ప్రశ్న న్యాయమైనదే. మెషీన్ దగ్గరి ఘోరాలు చాలావరకు తెర మీద కనిపించవు, కేక వినిపిస్తుంది, మెషీన్ కనిపిస్తుంది, మిగతాది మన ఊహ. అక్కడ కిమ్‌ను తప్పుపట్టను. మి-సన్ మీద అత్యాచారం సంగతి వేరు. అది లేకపోయినా గాంగ్-డో ఎంత దిగజారాడో మనకు తెలుసు, ఆవిడ ఎంత తెగించిందో తెలుసు. ఆ సన్నివేశం కథకు కొత్తగా ఇచ్చిందేమీ లేదు, ఆడదాని శరీరాన్ని కష్టపెట్టి బరువు తెచ్చుకునే ఈ దర్శకుడి పాత అలవాటుగానే తోస్తుంది. ఆ అలవాటు తెరకే పరిమితమా అన్న అనుమానం తర్వాత్తర్వాత పెరిగింది. ‘మోబియస్’ అనే తన సినిమా చిత్రీకరణలో తనను కొట్టాడని ఒక నటి 2017లో ఫిర్యాదు చేస్తే, దాడి కింద ఆయనకు 50 లక్షల వొన్‌ల జరిమానా పడింది. 2018లో ఎంబీసీ టీవీలో లైంగిక దాడుల ఆరోపణలు వచ్చాయి, ఆయన కాదన్నాడు. 2020 డిసెంబరులో లాట్వియాలో కొవిడ్‌తో చనిపోయాడు. పశ్చాత్తాపం గురించి ఇంత సూటిగా సినిమా తీసిన మనిషి మీద ఈ మచ్చలున్నాయని తెలిసే చూడాలి. తెలిసి చూసినా సినిమాలోని వాదన వీగిపోదు, దర్శకుడి మీద గౌరవం తగ్గొచ్చు.

ఇంతకన్నా బలమైన ఆక్షేపణ ఇంకొకటి ఉంది. వసూలు చేసే కూలివాడొక్కడే కుమిలిపోతే అప్పిచ్చే వ్యవస్థకు ఏమైంది? పరిహారాలు చెల్లించిన కంపెనీ ఎక్కడ? ఈ విషయంలో సినిమా దగ్గర జవాబు లేదు. చట్టం తన తోవన తాను నడిచింది, 2021 జులై నాటికి వడ్డీ హద్దు 20 శాతానికి దిగింది. దిగిన ప్రతిసారీ, లైసెన్సు ఉన్నవాళ్లు కాదన్న పేదవాళ్లు దొంగ వ్యాపారుల దగ్గరికే పోతారన్న వాదన కొరియాలో లేస్తూనే ఉంది. అయితే వ్యవస్థను వదిలేసినా, పశ్చాత్తాపం గొప్పదని కిమ్ ఎక్కడా మురిసిపోడు. చెయ్యి పోయిన ఒకాయన భార్య, నిన్ను మా బండికి కట్టి ఈడ్చుకెళ్లాలని ఉందని గాంగ్-డోతో అంటుంది. చివర్లో అతను తెల్లవారకముందే వెళ్లి ఆ ట్రక్కు కిందే తనను తాను గొలుసుతో కట్టేసుకుంటాడు. ఆవిడ చూసుకోకుండా బండి తీస్తుంది. ఈ ఒక్క శరీరం మీద ఇన్సూరెన్స్ లేదు, దీనివల్ల ఎవరికీ పైసా జమ కాదు. భర్త చెయ్యి తిరిగి రాదు. పైగా ఏ పాపం ఎరగని ఆవిడ చేతుల మీదుగా ఒక ప్రాణం పోయింది, అందుకు ఆవిణ్ణి అడిగినవాడు లేడు. తన బాకీ తీర్చుకోవడానికి కూడా గాంగ్-డో ఎప్పటిలాగే అప్పులపాలైన ఇంటినే వాడుకున్నాడు.