గుడ్ల లెక్క కాదు, పిల్లల లెక్క చూడండి

పన్నెండు గుడ్లు పొదగేస్తే తొమ్మిదో పదో పిల్లలు దిగుతాయి. నెల తిరిగేసరికి తల్లి వెంట మూడో నాలుగో మిగులుతాయి. గద్ద తన్నుకుపోయిందనో, పిల్లి ఎత్తుకుపోయిందనో సరిపెట్టుకుంటాం. గద్ద, పిల్లి కంటికి కనబడే శత్రువులు. చలి, తడి, కొక్కెర తెగులు మాత్రం చడీచప్పుడు లేకుండా పిల్లల్ని తీసుకుపోతాయి. పెరటి కోళ్లపై వచ్చే నాలుగు డబ్బులు ఇంట్లో ఆడవాళ్ల చేతి ఖర్చుకు ఆసరా. అవి నిలవాలంటే మొదటి నెల కనిపెట్టుకుని ఉండాలి.

పొదగేసేటప్పుడు: వారం దాటిన గుడ్లు పెట్టొద్దు. ఎండాకాలమైతే నాలుగైదు రోజులకు మించనీయకండి. 7వ రోజు రాత్రి చీకట్లో గుడ్డుకు టార్చిలైటు ఆనించి చూడండి. సాలెగూడులా ఎర్రటి నరాలు కనబడితే పిల్ల కడుతున్నట్టే. ఏమీ లేకపోతే ఆ గుడ్డు తీసేయొచ్చు. 21వ రోజుకు పిల్లలు దిగుతాయి.

వెచ్చదనం: తల్లి ఉంటే రెక్కల కింద దాచుకుంటుంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటి పిల్లల్ని కొని తెచ్చుకుంటే ఆ పని మనదే. మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి ఉండాలి. ఆపైన వారానికి 5 డిగ్రీల చొప్పున తగ్గించాలి. పిల్లకు 2 వాట్ల లెక్కన పాతరకం బల్బు పెట్టాలి. ఎల్.ఇ.డి. బల్బు వెలుగే ఇస్తుంది, వేడి ఇవ్వదు. థర్మామీటరు లేకపోతే పిల్లల్నే చూడండి. బల్బు కింద గుంపుగా ముడుచుకుంటే చలి, దూరంగా పోయి నోరు తెరిస్తే వేడి ఎక్కువ, అంతటా తిరుగుతుంటే సరిపోయినట్టు.

నీళ్లు, మేత: ముందు నీళ్లు పెట్టి, తర్వాతే మేత వేయాలి. లోతు పళ్లెంలో పిల్లలు పడి తడుస్తాయి. లోతు తక్కువ పళ్లెంలో గులకరాళ్లు వేసి పెట్టండి. ఊక మీద మొదటి నాలుగు రోజులు కాగితం పరిస్తే ఊక తినవు. వట్టి నూకలతో పిల్ల ఎదగదు, పిల్లల దాణా కలపాలి. ఊక తడిస్తే వెంటనే మార్చండి. తడి ఊకలో రక్తపారుడు పుడుతుంది.

టీకాలు: 5-7 రోజుల మధ్య లసోటా టీకా కంట్లోగానీ ముక్కులోగానీ ఒక చుక్క వేయాలి. 28వ రోజు మళ్లీ వేయాలి. 8వ వారంలో ఆర్‌టుబి సూది వేయించాలి. జబ్బుగా ఉన్న పిల్లకు మాత్రం వేయొద్దు.

ఇక్కడే చాలామంది వెనక్కి తగ్గుతారు. ఒక్క సీసాలో వంద కోళ్లకు పైగా సరిపడే మందు ఉంటుంది. కలిపాక రెండు గంటల్లోపే వాడేయాలి. పది పిల్లలున్న ఇంటికి అదెందుకు? అందుకే వీధిలో పదిళ్లవాళ్లు మాట్లాడుకుని, ఒకే రోజు, ఉదయం చల్లటి వేళ వేయించండి. మందును ఐసులోనే తేవాలి. పక్కింటి కోడికి తెగులొస్తే మీ పెరట్లోకీ వస్తుంది. చచ్చిన కోడిని కాలవలో పారేయకుండా సున్నం చల్లి లోతుగా పూడ్చండి. ఒకేసారి చాలా కోళ్లు చస్తే పశువైద్యునికి వెంటనే కబురు చేయండి.