మూడు పల్లెల కింద నడిచే రైలు

1984 అక్టోబరు 24వ తేదీన కలకత్తా నగరంలో ఒక రైలు ఎస్ప్లనేడ్ వద్ద నేల లోపలి నుండి బయలుదేరి, చౌరంగీ రహదారి కిందుగా సాగి, భవానీపూర్ చేరుకున్నది. ఆ దూరం 3.4 కిలోమీటర్లు, దారిలో ఉన్నవి ఐదు స్టేషన్లు. భారతదేశంలో నేల కింద ప్రజలను మోసుకుపోయిన మొట్టమొదటి నగర రైలు అదే. ఢిల్లీ నగరంలో మెట్రో నడవడానికి మరి పద్దెనిమిదేళ్ళు పట్టింది. హైదరాబాదు ప్రజలు తమ మెట్రో ఎక్కడానికి 2017 వరకు వేచి ఉండవలసి వచ్చింది. అదీ నేల కింద కాదు, స్తంభాల మీద.

ఆనాటి మూడున్నర కిలోమీటర్ల మార్గమే ఉత్తరాన దక్షిణేశ్వరం నుండి దక్షిణాన న్యూ గరియా వరకు 26 స్టేషన్లతో, ఇంచుమించు 32 కిలోమీటర్లుగా పెరిగింది. ఇందులో బెల్గాచియా మొదలు రవీంద్ర సరోవర్ వరకు గల పదిహేను స్టేషన్లు భూగర్భంలో ఉన్నాయి. కలకత్తాను చూడదలచిన వారికి ఇంతకంటె మంచి దారి మరొకటి లేదు. సూతానుటి, కలికాతా, గోవిందపూర్ అనే మూడు పల్లెలు కలిసి ఈ మహానగరమైనవని చరిత్ర చెబుతున్నది. వాటి హక్కులను ఈస్టిండియా కంపెనీ 1698లో కొన్నది. ఈ రైలు ఉత్తరం నుండి దక్షిణానికి ఆ మూడు పల్లెలను అదే వరుసలో దాటుకుంటూ పోతుంది.

అయితే ఈ దారి నగరానికి ఊరకే దక్కలేదు.

ఇరవై రెండేళ్ళ తవ్వకం

కలకత్తా నగరం హుగ్లీ నది ఒడ్డున ఉత్తర దక్షిణాలుగా సాగిన ఊరు. జనం ఎక్కువ, వీధులు తక్కువ. నేల కింద రైలు వేయాలన్న ఆలోచన బ్రిటిష్ వారి కాలంలోనే పుట్టింది. స్వాతంత్ర్యానంతరం ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ ఫ్రెంచి నిపుణుల చేత పరిశీలన చేయించారు. చివరకు సోవియట్ నిపుణుల సహకారంతో ప్రణాళిక సిద్ధం కాగా, 1972 డిసెంబరు 29న నాటి ప్రధానమంత్రి ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడు పని మొదలయింది.

ఇక్కడి నేల రాతినేల కాదు. గంగ వేల సంవత్సరాలుగా తెచ్చి పోసిన మెత్తని ఒండ్రు, బంకమట్టి. కొద్ది అడుగులు తవ్వితే నీరు ఊరుతుంది. అందువల్ల ఎక్కువ భాగం వీధినే తెరచి కట్టవలసి వచ్చింది. ముందుగా వీధికి రెండు పక్కలా లోతైన సన్నని కందకాలు తవ్వేవారు. ఒడ్లు విరిగి పడకుండా వాటిని బెంటొనైటు అనే మట్టి కలిపిన చిక్కని ద్రవంతో నింపేవారు. అందులోకి ఇనుప చట్రాలు దింపి కాంక్రీటు పోయగా రెండు గోడలు లేచేవి. ఆ గోడల నడుమ మట్టిని తోడివేసి, గోడలు లోనికి ఒరగకుండా అడ్డుదూలాలు బిగించి, సొరంగపు పెట్టెను కట్టి, పైన మళ్ళీ మట్టి కప్పి రోడ్డు వేసేవారు. దారికి అడ్డంగా ఉన్న నీటి గొట్టాలను, మురుగు కాలువలను, విద్యుత్తు తీగలను, టెలిఫోను తీగలను ఒక్కొక్కటిగా పక్కకు మార్చవలసి వచ్చేది. బెల్గాచియా, శ్యాంబజార్‌ల మధ్య మాత్రం పైన రైలు పట్టాలు, కాలువ ఉండడం చేత నేలను తెరవడం సాధ్యం కాలేదు. అక్కడ యంత్రంతో అడుగునే దొలుచుకుంటూ పోయారు.

ఈ పని జరిగినన్నాళ్ళు నగరపు నడిబొడ్డు కందకమై పోయింది. దుకాణాల ముందు బురద, ఇళ్ళ ముందు చెక్క వంతెనలు, వాననీటితో నిండిన గుంతలు. దక్షిణ భాగంలో 1986 ఏప్రిల్ నాటికి రైలు టాలీగంజ్ చేరింది. ఉత్తర భాగం వారికి అంత అదృష్టం లేకపోయింది. 1984 నవంబరులోనే డమ్‌డమ్ నుండి బెల్గాచియా వరకు ఒక చిన్న తునక ప్రారంభమైనా, రెండు కిలోమీటర్ల దూరానికి రైలెక్కేవారు లేక 1992లో దానిని నిలిపివేశారు. రెండు తునకలూ కలిసి, డమ్‌డమ్ నుండి టాలీగంజ్ వరకు 17 స్టేషన్ల దారి పూర్తయినది 1995 సెప్టెంబరు 27న. మొదటి పలుగు దెబ్బ పడిన నాడు పుట్టిన శిశువు అప్పటికి ఇరవై రెండేళ్ళ యువకుడు.

సూతానుటి: మట్టి, మాట

ఉత్తరపు కొసన ఉన్న దక్షిణేశ్వరానికి 2021 ఫిబ్రవరిలో రైలు వచ్చింది. రాణీ రాసమణి 1855లో నెలకొల్పిన కాళికాలయం, రామకృష్ణ పరమహంస నివసించిన గది ఇక్కడివే. బరానగర్, నోవాపాడా దాటి డమ్‌డమ్ వరకు రైలు ఆకాశం కిందనే నడుస్తుంది. ఆ తరువాత నేలలోకి దిగుతుంది.

శ్యాంబజార్‌లో పైకి వస్తే ఐదు వీధులు కలిసే కూడలి, దాని నడుమ గుర్రమెక్కిన నేతాజీ విగ్రహం కనిపిస్తాయి. తరువాతి స్టేషన్ పేరులో పాత పల్లె పేరు ఈనాటికీ నిలిచి ఉన్నది: శోభాబజార్ సూతానుటి. 1690లో జాబ్ చార్నాక్ పడవ దిగింది ఈ సూతానుటి రేవులోనే. ఇక్కడి రాజవాడలో నవకృష్ణ దేవ్ 1757లో దుర్గాపూజ ఆరంభించాడు. పడమరగా కొంత దూరం నడిస్తే కుమార్‌టులీ వస్తుంది. ఇది విగ్రహాలు చేసే కుమ్మరుల పేట. ఇరుకు సందుల్లో గడ్డితో చుట్టిన ఆకారాలు, వాటి మీద తడి మట్టి, ఆరబెట్టిన చేతులు, ఇంకా కళ్ళు దిద్దని దేవీ ముఖాలు వరుసలుగా నిలబడి ఉంటాయి. సొరంగం తవ్వేవారిని అన్నేళ్ళు ముప్పుతిప్పలు పెట్టిన గంగ ఒండ్రు ఈ పేటకు అన్నం పెడుతున్నది. శరదృతువుకు కొన్ని వారాల ముందు రాగలిగిన వారు ఈ స్టేషన్‌ను విడువరాదు.

గిరీశ్ పార్క్ స్టేషన్‌కు నాటకకర్త, నటుడు గిరీశ్ చంద్ర ఘోష్ పేరు పెట్టారు. రవీంద్రనాథ ఠాగూరు 1861లో జన్మించి, 1941లో కన్నుమూసిన జోడాసాంకో భవనం ఇక్కడికి దగ్గర. ఠాగూరుల పూర్వులు మొదట ఉన్నది ఇక్కడ కాదు, గోవిందపూర్ పల్లెలో. పల్లె ఖాళీ చేయవలసి వచ్చి వారు ఉత్తరానికి తరలి వచ్చారు. దాని కారణం మైదాన్ స్టేషన్ వద్ద తెలుస్తుంది.

కలికాతా: పుస్తకాలు, బేరాలు

మహాత్మాగాంధీ రోడ్ స్టేషన్‌లో దిగినవారు తూర్పుకు తిరిగితే విద్య, పడమటికి తిరిగితే వ్యాపారం. తూర్పున కాలేజ్ స్ట్రీట్: 1857లో వెలసిన విశ్వవిద్యాలయం, ప్రెసిడెన్సీ, సంస్కృత కళాశాల, కాఫీ హౌస్, కాలిబాట పొడవునా పాతపుస్తకాల బల్లలు. పడమట బడాబజార్: గుడ్డల మూటలు, సుగంధద్రవ్యాలు, తలమీద బరువుతో దారి ఇమ్మని కేకలు వేస్తూ పరుగెత్తే కూలీలు, ఆ వీధి చివర 1943లో తెరచిన హౌరా వంతెన. తరువాతి సెంట్రల్ స్టేషన్‌కు సమీపంలో 1835 నాటి వైద్య కళాశాల, పాత చైనావారి పేట ఉన్నాయి. చాందినీ చౌక్ విద్యుత్తు సామానుల అంగడి.

ఎస్ప్లనేడ్ ఈ మార్గానికి హృదయస్థానం. షహీద్ మీనార్, 1874 నాటి న్యూ మార్కెట్ ఇక్కడికి నడక దూరంలో ఉన్నాయి. తెలుగు దేశం నుండి రైలులో వచ్చేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. వారు దిగేది సాధారణంగా హౌరాలో. లోగడ అక్కడి నుండి బస్సు పట్టుకొని, వంతెన మీది రద్దీలో ఈదుకొని నగరంలోకి రావలసి వచ్చేది. 2024 మార్చిలో హుగ్లీ నది అడుగున మరొక మెట్రో మార్గం తెరచిన తరువాత హౌరా స్టేషన్ కిందనే రైలెక్కి, నదిని ఒక నిమిషం లోపున దాటి, ఎస్ప్లనేడ్‌లో ఈ పాత మార్గానికి మారవచ్చు. ఆ కొత్త మార్గం కూడా మూల్యం లేకుండా రాలేదు. 2019 ఆగస్టు చివర బౌబజార్‌లో సొరంగం తవ్వుతుండగా నేల కుంగి, పాత ఇళ్ళు కూలాయి. అనేక కుటుంబాలు కట్టుబట్టలతో వీధిన పడ్డాయి.

పార్క్ స్ట్రీట్‌లో దిగితే 1814లో స్థాపించిన ఇండియన్ మ్యూజియం, 1784లో విలియం జోన్స్ నెలకొల్పిన ఏషియాటిక్ సొసైటీ దగ్గరే. ఫలహారశాలలు దాటి తూర్పుగా కొంత దూరం పోతే పాత శ్మశానవాటిక వస్తుంది. తెలుగువారు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఊరూరి చరిత్రలను కైఫీయతులుగా సేకరింపజేసిన కల్నల్ కాలిన్ మెకంజీ 1821లో కలకత్తాలో మరణించి, ఈ వాటికలోనే సమాధి అయినాడు. కావలి సోదరులు ఆయనకు కుడిభుజంగా నిలిచి సేకరించిన ఆ కైఫీయతులు లేకపోతే తెలుగు గ్రామాల గతం ఎంతో మరుగున పడి ఉండేది.

గోవిందపూర్: లేని పల్లె

మైదాన్ స్టేషన్ పైన ఊరు లేదు, పచ్చిక ఉన్నది. గోవిందపూర్ అనే మూడవ పల్లె ఈ ప్రాంతానిదే. ప్లాసీ యుద్ధం తరువాత కంపెనీ వారు కొత్త ఫోర్ట్ విలియం కోట కట్టదలచి పల్లెను తొలగించారు. కోట ఫిరంగులకు అడ్డు లేకుండా చుట్టూ నేలను ఖాళీగా ఉంచారు. ఆ ఖాళీ నేలే నేటి మైదానం. సాయంత్రం బంతులాడే పిల్లలు, పల్లీలు నమిలే జంటలు, మేకలు కాచుకొనేవారు ఆ సంగతి ఎరుగరు.

రవీంద్ర సదన్ స్టేషన్‌లో గోడల మీద ఠాగూరు దస్తూరి, చిత్రాలు చూడవచ్చు. విక్టోరియా మెమోరియల్, నందన్ సినిమాశాల పైనే ఉన్నాయి. ఆనాటి భవానీపూర్ స్టేషన్ నేడు నేతాజీ భవన్. 1941 జనవరిలో ఒక రాత్రి సుభాష్ చంద్రబోస్ పోలీసుల కన్నుగప్పి వెడలిపోయిన ఇల్లు ఇక్కడి ఎల్గిన్ రోడ్డు మీద ఉన్నది. తరువాతి స్టేషన్ పేరు జతిన్ దాస్‌ది. లాహోరు జైలులో 63 రోజులు నిరశన సాగించి 1929లో ప్రాణాలు విడిచిన యువకుడతడు.

కాళీఘాట్‌లో కాళికాలయం, దాని పక్కన మదర్ థెరిసా 1952లో మరణాసన్నుల కోసం తెరచిన ఆశ్రమం ఉన్నాయి. రవీంద్ర సరోవర్ చుట్టుపట్ల, ముఖ్యంగా లేక్ మార్కెట్ ప్రాంతంలో, దక్షిణాది వారు చిరకాలంగా నివసిస్తున్నారు. ఇడ్లీ కోసం వెతుక్కునేవారికి ఇక్కడ నిరాశ ఉండదు. అటు పిమ్మట రైలు మళ్ళీ వెలుతురులోకి వచ్చి టాలీగంజ్ చేరుతుంది. వంగ చలనచిత్రాల పుట్టిల్లయిన ఈ పేట స్టేషన్‌కు నటుడు ఉత్తమ్‌కుమార్ పేరు పెట్టారు. మద్రాసులో వసతులు లేని ఆ తొలినాళ్ళలో తెలుగు సినిమా కూడా కలకత్తాకు వచ్చింది. సి. పుల్లయ్య దర్శకత్వంలో ఈస్టిండియా ఫిల్మ్ కంపెనీ వారి ‘లవకుశ’ 1934లో తయారయినది ఈ నగరంలోనే.

కాలువ మీది స్తంభాలు

టాలీగంజ్ నుండి దక్షిణంగా రైలు స్తంభాల మీద పోతుంది. 2009, 2010 సంవత్సరాలలో తెరచిన ఈ భాగంలో స్టేషన్ల పేర్లు చదివితే ఒక పాఠ్యపుస్తకం తిరగవేసినట్లుంటుంది: నేతాజీ, మాస్టర్‌దా సూర్యసేన్, గీతాంజలి, కవి నజ్రుల్, షహీద్ ఖుదీరాం, కవి సుభాష్. చివరి పేరు నేతాజీది కాదు, కవి సుభాష్ ముఖోపాధ్యాయది. స్థానికులకు ఇవి కూద్‌ఘాట్, బాన్స్‌ద్రోణీ, నాక్‌తలా, గరియా, బ్రిజీ, న్యూ గరియా. దారి అడిగేవారు రెండు పేర్లూ తెలిసి ఉండడం మంచిది.

ఇక్కడ కిటికీ నుండి కిందికి చూస్తే నల్లని నీటి కాలువ కనిపిస్తుంది. అది ఆదిగంగ, ఒకప్పుడు గంగా ప్రవాహమే ఇటు పారేదని ప్రతీతి. పూడిపోయిన దానిని పద్దెనిమిదవ శతాబ్దంలో విలియం టాలీ తిరిగి తవ్వించాడు. మెట్రో స్తంభాలు అనేకం ఆ కాలువ గర్భంలోనే పాతుకొని ఉన్నాయి. పర్యావరణవాదులు అభ్యంతరం చెప్పినా, న్యాయస్థానం మెట్లెక్కినా పని ఆగలేదు. భూసేకరణ బాధ తప్పింది, వేలాదిమందికి గంటలు కలిసి వచ్చాయి; కాని నదికి ఊపిరి సన్నగిల్లింది. 2025 జూలైలో చివరి స్టేషన్ కవి సుభాష్ స్తంభాలలో పగుళ్ళు కనిపించగా దానిని మూసివేసి, బండ్లను షహీద్ ఖుదీరాం వద్దనే నిలపవలసి వచ్చింది. కొస వరకు పోదలచినవారు ముందుగా విచారించుకొని బయలుదేరాలి.

కోట కోసం ఒక పల్లె లేచిపోయింది. సొరంగం కోసం ఒక తరం బురద తొక్కింది. మరొక సొరంగం కోసం బౌబజార్ ఇళ్ళు కూలాయి. స్తంభాల కోసం ఒక నది ఇరుకున పడింది. ఇవేవీ టిక్కెట్టు మీద అచ్చు వేసి ఉండవు. శ్యాంబజార్‌లో రైలెక్కి అరగంట లోపున కాళీఘాట్ చేరే నేటి విద్యార్థికి, చిత్తరంజన్ అవెన్యూలో ఇంటి గడప నుండి వీధికి చెక్క మీదుగా దాటిన తన తాత సంగతి తెలియకపోవచ్చు. ఆ తాతలలో ఇంకా ఉన్నవారు ఈ రైలు ఎక్కినప్పుడు నేల మీద చెత్త పారవేయనివ్వరు. వారికి ఆ స్టేషన్ ఎంత ఖరీదు పడిందో తెలుసు.