కీబోర్డు తెలుగులోకి మారితే షార్ట్‌కట్ ఎందుకు మూగబోతుంది?

“కీబోర్డు తెలుగులో ఉంటే షార్ట్‌కట్లు పనిచేయవు, ఇంగ్లిషులోకి మార్చుకుని నొక్కు.” ఉదయగిరి అయినా హైదరాబాదు అయినా కంప్యూటరు నేర్పే చోట ఈ సలహా వినిపిస్తుంది. నీరు పల్లానికే పారుతుందన్నంత సహజమైన సంగతిలా ఇది చలామణి అవుతోంది. దీని వెనకే ఇంకో మాట వస్తుంది: తెలుగు లిపి కంప్యూటరుకు సరిపడదు, ఒత్తులూ గుణింతాలూ దానికి మోయలేని బరువు అని. మొదటి మాటలో సగం నిజముంది, రెండోదాంట్లో ఆ సగమూ లేదు. విండోస్‌లో కీబోర్డును తెలుగుకు మార్చి నోట్‌ప్యాడ్‌లో కంట్రోల్–సీ, కంట్రోల్–వీ నొక్కి చూడండి, కాపీ అవుతుంది, అతుకుతుంది. అదే కంప్యూటరులో, అదే తెలుగు కీబోర్డుతో, బ్రౌజరులో నడిచే ఏదో ఒక ఆప్‌లో దాని సొంత షార్ట్‌కట్ నొక్కితే ఉలుకూ పలుకూ ఉండకపోవచ్చు. భాష ఒకటే, మీట ఒకటే, ఒక ఆప్ పలికింది, ఇంకోటి పలకలేదు. అలాంటప్పుడు తప్పు భాషది ఎలా అవుతుంది?

లోపల జరిగేది చూద్దాం. కీబోర్డుకు అక్షరాలు తెలియవు. మీట మీద అచ్చువేసిన సీ మన కంటి కోసం, లోపలి సర్క్యూటుకు తెలిసింది ఆ మీట ఉన్న చోటు మాత్రమే. పాత ఐబీఎం పీసీ లెక్కలో ఆ చోటి సంఖ్య 46. మీరు నొక్కగానే ‘46 నొక్కారు’ అన్న కబురు బయల్దేరుతుంది. 46ను సీ అనాలా, మ అనాలా అన్నది ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గరున్న లేఅవుట్ పట్టిక తేలుస్తుంది. ఇంగ్లిషు పట్టికలో అది సీ. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 13194 ప్రమాణంలో చేర్చిన ఇన్‌స్క్రిప్ట్ పట్టికలో అది మ. ఈ ఇన్‌స్క్రిప్ట్ గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకు వెళ్లడం అన్యాయం. ఎడమ చేతి కింద ప్రధానంగా అచ్చులూ గుణింతాలూ, కుడి చేతి కింద ప్రధానంగా హల్లులూ ఉంటాయి. క ఉన్న మీట మీదే షిఫ్ట్ నొక్కితే ఖ వస్తుంది. తెలుగులో క ఎక్కడుందో హిందీలోనూ కన్నడంలోనూ మలయాళంలోనూ అక్కడే ఉంటుంది. ఒక భాషకు అలవాటుపడిన వేళ్లు ఇంకో భాషలోనూ తడుముకోవు. వర్ణమాలను అంత పద్ధతిగా పేర్చిన మన పూర్వుల శాస్త్రం ఇక్కడ నేరుగా వేళ్ల కిందికి వచ్చింది. (లిపుల అక్షరాలకు సంఖ్యలిచ్చే యూనికోడ్‌లోని తెలుగు పట్టికలో మ కూడా, సున్నా నుంచి లెక్కపెడితే, 46వ గడిలోనే ఉంది. అది కాకతాళీయం తప్ప మరేమీ కాదు.)

ఇక ఆ 46 కబురు ఆప్ దాకా ఎలా చేరుతుందన్నది అసలు సంగతి. సోమశిల ఆయకట్టు రైతుకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. అనంతసాగరం మండలంలో పెన్నకు అడ్డంగా కట్టిన ఆ జలాశయంలో 78 టీఎంసీలు పడతాయి. అయినా అందులోంచి ఒక్క చుక్క నేరుగా పొలంలోకి దూకదు. తూము దాటాలి, ప్రధాన కాలువలో నడవాలి, పిల్ల కాలువలోకి తిరగాలి, చివరికి బోదెలోంచి మడిలోకి పారాలి. ప్రతి మలుపులోనూ ఒక గేటు, ఆ గేటు దగ్గర దాన్ని ఎత్తి దించే ఒక లస్కరు. పైవాడు తీసుకోగా మిగిలిందే కిందవాడికి. మీట కబురు కూడా ఇలాగే దిగుతుంది. మొదట ఆపరేటింగ్ సిస్టమ్, తర్వాత బ్రౌజరు, ఆ తర్వాత ఆప్, చివరికి మనం టైపు చేసే గడి. కంట్రోల్–ఆల్ట్–డిలీట్‌ను విండోస్ అసలు కిందికే వదలదు. 1981లో మార్కెట్లోకి వచ్చిన ఐబీఎం పీసీ కోసం డేవిడ్ బ్రాడ్లీ అనే ఇంజినీరు పెట్టిన ఆ కూర్పు నేటికీ జలాశయం గట్టు దాటదు. కంప్యూటరుకు తాళం వేసే విండోస్–ఎల్ కూడా అంతే. కొత్త ట్యాబు తెరిచే కంట్రోల్–టీని బ్రౌజరు తన కాలువలోనే వాడేసుకుంటుంది. ఆప్ తయారుచేసేవాడు శివారు రైతు, పైవాళ్లు వదిలిన మీటలతోనే అతను సేద్యం చేసుకోవాలి.

ఇప్పుడు ప్రతి లస్కరు చేతిలో ఒక చీటీ ఉందనుకోండి. కబురుతో పాటు వచ్చే చీటీ అది, దాని మీద మూడు గళ్లుంటాయి. మొదటి గడిలో మీట ఉన్న చోటు. రెండో గడిలో ఆపరేటింగ్ సిస్టమ్ ఆ మీటకు పెట్టిన స్థిరమైన గుర్తు. విండోస్‌లో తెలుగు పట్టిక వేసినా ఆ మీట గుర్తు ‘సీ’గానే ఉండిపోతుంది. మూడో గడిలో తెర మీద పడాల్సిన అక్షరం, అంటే మ. నోట్‌ప్యాడ్ లస్కరు రెండో గడి చదువుతాడు, సీ కనిపిస్తుంది, కాపీ గేటు ఎత్తుతాడు. మరో ఆప్‌లోని లస్కరుకు మూడో గడి ఒక్కటే చదవమని చెప్పి పెట్టారు. అతనికి మ కనిపిస్తుంది. ‘మ కోసం ఏం చేయాలో నాకెవరూ చెప్పలేదే’ అని నీటిని సముద్రంలోకి వదిలేస్తాడు. బొద్దు అక్షరాలకు కంట్రోల్–బీ నొక్కితే అతనికి కనిపించేది వ, భద్రపరచడానికి కంట్రోల్–ఎస్ నొక్కితే కనిపించేది ఏత్వం. నీరు పైనుంచి వచ్చింది, కాలువ బాగానే ఉంది, చీటీలో తప్పు గడి చదివారు. మొత్తం గొడవంతా ఇదే.

లాటిన్ అక్షరానికీ షార్ట్‌కట్‌కూ ఈ ముడి ఎప్పుడు పడిందో చెప్పుకుంటే, అది ఎంత వదులు ముడో తెలుస్తుంది. అక్షరాలకు సంఖ్యలిచ్చే 1960ల నాటి ఆస్కీ కోడ్ కాలంలో కంట్రోల్ మీట నిజంగానే ఒక తీసివేత చేసేది. సీ సంఖ్య 67, అందులోంచి 64 తీసేస్తే 3, అంటే ‘పాఠం అయిపోయింది’ అన్న సంకేతం. మ సంఖ్య యూనికోడ్‌లో 3118. అందులోంచి 64 తీసేస్తే అలాంటి సంకేతమేదీ రాదు. తెలుగు బరువన్న అపోహకు మూలం ఇక్కడుందేమో గాని, నేటి మామూలు ఆప్‌లు ఆ తీసివేత మీద నడవడం లేదు. 1970లలో జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో లారీ టెస్లర్, టిమ్ మాట్ కట్–కాపీ–పేస్ట్ పద్ధతిని తీర్చిదిద్దారు. యాపిల్ 1983లో లీసాతోనూ 1984లో మెకింటాష్‌తోనూ దాన్ని జనంలోకి తెచ్చింది. జడ్, ఎక్స్, సీ, వీ మీటలు కింది వరుసలో పక్కపక్కనే ఉన్నాయి, ఎడమ చేయి కదలకుండా అందుతాయి. పేస్ట్ అనే మాటలో వీ లేదు, కట్‌లో ఎక్స్ లేదు, అన్‌డూలో జడ్ లేదు. మనం ఎక్కువగా నొక్కే ఈ షార్ట్‌కట్లు ఇంగ్లిషు స్పెల్లింగు మీద కంటే వేళ్ల అందుబాటు మీదే ఎక్కువగా నిలబడ్డాయి.

మీటలను మంత్రాలుగా చూసే అలవాటు కూడా ఈ అపోహకు నీళ్లు పోస్తోంది. కంప్యూటరు ఆన్ చేయగానే డెస్క్‌టాప్ మీద పదిసార్లు రిఫ్రెష్ కొడితే వేగం పెరుగుతుందని నమ్మేవాళ్లు కోకొల్లలు. రిఫ్రెష్ చేసే పనల్లా తెర మీది బొమ్మలను తిరిగి గీయడమే. గుమ్మానికి కట్టిన నిమ్మకాయకు ఎంత శక్తి ఉందో ఇక్కడా అంతే. వాట్సాప్‌లో తిరిగే ‘నూరు షార్ట్‌కట్లు’ జాబితాలూ ఈ కోవలోవే. షార్ట్‌కట్ మీటలో ఉండదు, ఆప్ రాసినవాడు పెడితేనే ఉంటుంది. కాబట్టి ఒక ఆప్‌లో నేర్చుకున్నది ఇంకోదాంట్లో పనిచేయకపోతే నేర్చుకున్నవాడిని తప్పుపట్టే పని లేదు.

ప్రోగ్రామర్లు వెంటనే ఒక అభ్యంతరం చెబుతారు: మూడో గడి వదిలేసి మొదటి గడినే చదివితే ఫ్రెంచివాళ్ల సంగతేమిటి అని. సరైన ప్రశ్నే. వాళ్ల కీబోర్డులో జడ్, డబ్ల్యూ చోట్లు తారుమారు, జర్మన్‌లో జడ్, వై తారుమారు. చోటునే నమ్ముకుంటే అక్కడ అన్‌డూ వేరే మీటకు పోతుంది. అందుకు మార్గం కష్టమైనదేమీ కాదు. ముందు అక్షరం చూడాలి, అది లాటిన్ అక్షరమైతే దాన్నే నమ్మాలి, కాకపోతే చోటు చూడాలి. రష్యన్‌కూ గ్రీకుకూ తెలుగుకూ ఒకే మందు. నాలుగైదు వరుసల కోడ్‌తో పోయే జబ్బు ఇది.

‘విండోస్–స్పేస్ నొక్కితే భాష మారిపోతుంది కదా, ఆమాత్రం చేసుకోలేరా’ అన్నది రెండో అభ్యంతరం. ఒకసారి అయితే చేసుకోవచ్చు. గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటు పేరు, తండ్రి పేరు, ఊరు తెలుగులో నింపుతూ గడిగడికీ భద్రపరచాలంటే, ప్రతిసారీ భాష మార్చి, మీట నొక్కి, మళ్లీ వెనక్కి మార్చాలి. మధ్యలో ఒక్కసారి మరిచిపోతే పేరు ఇంగ్లిషు అక్షరాల గందరగోళమవుతుంది. చూపులేనివారికైతే మౌస్ అక్కరకే రాదు. ఎన్‌వీడీఏ వంటి తెర చదివే సాఫ్ట్‌వేరుతో వాళ్లు చేసే ప్రతి పనీ మీటల మీదే. వాళ్లకు షార్ట్‌కట్ వేగం కోసం పెట్టుకున్న సదుపాయం కాదు, లోపలికి వెళ్లే గుమ్మమే అది.

‘ఇన్‌స్క్రిప్ట్ ఎవరు వాడుతున్నారు, అందరూ అమ్మ అని ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టి తెలుగు తెచ్చుకుంటున్నారు, పైగా అంతా ఫోన్ల మీదే’ అనేది మూడోది, అన్నిటికంటే బలమైనదీ ఇదే. కాని దీనివల్ల సమస్య తీరదు, చోటు మారుతుంది. అలా టైపు చేసేటప్పుడు మాట తయారయ్యే దాకా ఆప్ ఆగాలి. అది తెలియని ఆప్‌లో, వచ్చిన సూచనల్లోంచి మాటను ఎంచుకోవడానికి ఎంటర్ నొక్కితే, సగం మాటతో సందేశం వెళ్లిపోతుంది. ఫోను కీబోర్డు మీట కబుర్లు ఒక్కొక్కటిగా పంపకుండా తయారైన పాఠాన్నే అందించవచ్చు. మీట కబురు కోసమే కాచుకున్న ఆప్‌కు అక్కడ ఏమీ చేరదు. మెట్ట పొలం నుంచి మాగాణికి మారినా కాలువ తవ్వనిదే నీరు రాదు కదా.

షార్ట్‌కట్లలో కనిపించే ఈ నిర్లక్ష్యం ఆప్‌లోని మిగతా సదుపాయాల్లోనూ కనిపిస్తుంది. ‘వేంకటేశ్వర్లు’ మనకు అయిదక్షరాల పేరు, యూనికోడ్ లెక్కలో 13 సంకేతాలు. పేరుకు పది అక్షరాలు చాలని గడి పెట్టిన ఆప్‌లో ఆ పేరు పూర్తికాకుండానే తెగిపోతుంది. ‘లక్ష్మి’లో రెండక్షరాలు, ఏడు సంకేతాలు. చివరన బ్యాక్‌స్పేస్ నొక్కితే గుడి ఒక్కటే పోవాలా, క్ష్మి మొత్తం పోవాలా? గుడి ఒక్కటే పోవడం మేలు. లక్ష్మిని లక్ష్మీగా దిద్దుకునేవాడు క్ష్మ అంతా తిరిగి కొట్టనక్కర్లేదు. కర్సరు కదిలేటప్పుడు మాత్రం క్ష్మి మధ్యలో ఆగకూడదు. క్ష్మిని ఒకే ముక్కగా లెక్కించే సాధారణ నియమం యూనికోడ్‌లోకి 2023లో వచ్చిన 15.1 సంచికతో గాని రాలేదు. డీటీపీ కేంద్రాల్లో యూనికోడ్ కాని అను ఫాంట్లతో తయారైన పాఠంలో మామూలు తెలుగు టైపు చేసి కంట్రోల్–ఎఫ్ వెతికితే ఏమీ దొరకదు, లోపల ఉన్నవి తెలుగు సంకేతాలు కావు కనుక.

తెలుగు మీద నింద పడ్డ పెద్ద సందర్భం 2018 ఫిబ్రవరిలో వచ్చింది. తెలుగు అక్షరం ఐఫోన్లను కూల్చేస్తోందని ప్రపంచమంతా వార్తలు రాశారు. కూల్చింది మనం రోజూ రాసే జ్ఞానం కాదు. జ్ఞకూ దీర్ఘానికీ మధ్య కంటికి కనబడని ఒక విడదీత సంకేతం చేరిన అరుదైన కూర్పు అది. దాన్ని తెర మీద గీయబోయి యాపిల్ సాఫ్ట్‌వేరు తన మెమరీని పాడుచేసుకుంది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దారు. మారింది సాఫ్ట్‌వేరే. మన అక్షరం ఉన్నచోటనే ఉంది.

ఆప్‌లు తయారుచేసే తెలుగువాళ్లు ఆత్మకూరు నుంచి అమెరికా దాకా ఉన్నారు. వాళ్లను అడిగేది ఒక్కటే: విడుదలకు ముందు కీబోర్డును తెలుగులోకి మార్చండి, మీరు పెట్టిన ప్రతి షార్ట్‌కట్ నొక్కండి, పేరు గడిలో వేంకటేశ్వర్లు అని రాయండి, సగం మాట మీద ఎంటర్ కొట్టండి. ఇక వాడేవాళ్లు, తెలుగులో షార్ట్‌కట్ పలకనప్పుడు భాష మార్చుకుని సర్దుకుపోకండి. ఏ ఆప్, ఏ మీట, ఏ లేఅవుట్ అన్న మూడు సంగతులు రాసి ఆ ఆప్ వాళ్లకు ఫిర్యాదు పంపండి.